ఆవిరికో పీట

మా టీచరమ్మ గారు పోయారని మంగళవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మీటింగ్ మధ్యలో లేచి వెళ్లి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారట. అయినా నాకు కోపం వచ్చింది. ఆవిడతో తేల్చుకోవాల్సిన వాదనలు ఇంకా బోలెడు మిగిలాయి.

జర్మనీలో, ఎర్లాంగెన్‌లో నేను అద్దెకున్న ఇంటి కింది అంతస్తు ఆవిడది. కాకినాడ నుంచి ఎప్పుడో డాక్టరు భర్త వెంట వచ్చి, ఇక్కడి బడిలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పారు. ఎవరు వెళ్లినా "డౌటేమైనా తెచ్చావా?" అనేవారు. తేకపోతే టీ ఆలస్యమయ్యేది.

నేను వరంగల్ నుంచి మాస్టర్స్‌కి వచ్చి, థర్మోడైనమిక్స్ రెండుసార్లు తప్పాను. ఇక్కడ మూడోసారే ఆఖరు. అదీ తప్పితే చదువు అక్కడితో ఆగిపోతుంది, పెట్టె సర్దుకోవడమే. అందుకని పాత ప్రశ్నలన్నీ సంపాదించి, జవాబులు బట్టీ పట్టాను. సంగతి తెలిసి ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచారు.

"మబ్బు ఎలా పడుతుందే?"

"వేడి గాలి పైకి వోతది మేడమ్. పైన చల్లగుంటది గదా, అందుకే చల్లబడ్తది, ఆవిరి నీళ్లయితది" అన్నాను గుక్క తిప్పుకోకుండా.

"పైన ఫ్రిజ్ పెట్టారేంటి నీకోసం?"

కొట్లో తిరిగిస్తే డబ్బులిచ్చే ప్లాస్టిక్ ఫాండ్ సీసా ఒకటి తీసి, అందులో కాసిని గోరువెచ్చటి నీళ్లు పోశారు. మూత బిగించి, గట్టిగా నొక్కి వదిలారు. ఏమీ కాలేదు. తర్వాత అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, ఆ పొగ కాస్త సీసాలోకి పంపారు. ఈసారి నొక్కి వదలగానే సీసా నిండా తెల్లటి మబ్బు. మళ్లీ నొక్కితే మాయం.

"వదిలితే గాలి విచ్చుకుందా? ఆ విచ్చుకోవడానికి దాని వేడే ఖర్చయింది. పైకెళ్లే గాలి చేసేదీ ఇదే. పైన ఒత్తిడి తక్కువ, విచ్చుకుంటుంది, చల్లబడుతుంది."

"మరి పొగెందుకు మేడమ్?"

"ఆవిరి కూర్చోడానికి పీట వద్దూ? ఆకాశంలో దుమ్మే దానికి పీట. ఊఁ, ఇప్పుడు నువ్వు చెయ్యి. నోటికొచ్చింది మర్చిపోతావు, చేతికొచ్చింది మర్చిపోవు."

ఆ వారమంతా బట్టీ మానేసి, ప్రతి పాఠానికీ వంటింట్లో ఏదో ఒకటి చేసి చూశాం. ఫిబ్రవరిలో మౌఖిక పరీక్ష. కొండెక్కే గాలి ఎందుకు చల్లబడుతుందని ప్రొఫెసర్ అడిగారు. మాటకంటే ముందు నా చేతులు లేచి, లేని సీసాను నొక్కి వదిలాయి. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి.

పాసయ్యానని విని, సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాను. ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉన్నారు, నెత్తిన టోపీ అయినా లేకుండా. నీకేం, గెలుస్తావు పో అని పొద్దున ధీమాగా పంపిన మనిషి.

"అయిపోయింది మేడమ్, పాసైన!" అని అరిచాను.

ఆవిడ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలారు. ఆ చలిలో అది ఆవిడ ముఖం ముందు తెల్లగా మబ్బు కట్టి, కాసేపు నిలిచి, మెల్లగా విడిపోయింది.