సంతకంలో లేని చెల్లె

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇంగ్లీషు ముక్క ఎక్కడ కనబడినా అది నేరుగా మా ఇంటి అరుగు మీదికి వచ్చేది. జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. మందుబిళ్లల అట్ట, కరెంటు నోటీసు, బ్యాంకువాళ్లు పంపిన కాగితం, ఏదైనా సరే, పట్టుకొచ్చి మా తాతయ్య ముందు పెట్టేవాళ్లు. ఆయన కుర్రతనంలో మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఆదివారం మందిరంలో బైబిలు వాక్యం చదివేదీ ఆయనే. కళ్లద్దాలు తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, ఇదీ సంగతి అని చెప్పేవాడు. ఆయన చెప్పాడంటే ఇక ఊళ్లో రెండో మాట ఉండేది కాదు. ఆ గొప్పంతా నాదేనన్నట్టు పక్కన కూర్చుని తెగ మురిసిపోయేదాన్ని.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు ఏరడానికి అడవికి పోయేది, మిరప కోతల్లో కూలికి పోయేది. సాయంత్రం మా ఇంటికొచ్చి నాకు జడ వేస్తూ సినిమా కబుర్లు చెప్పేది. ఎంత కడిగినా ఆమె చేతుల్లో మిరప ఘాటు పోయేది కాదు. మెడకు తగిలితే చుర్రుమనేది. నేను తిట్టేదాన్ని, ఆమె నవ్వేది. ఆమెకు ఒక హీరో అంటే ప్రాణం. పేరు ఎందుకులెండి. ఆయన చెల్లెలి కోసం ఏడ్చే సీను వస్తే చాలు, హాల్లో ఈమె వెక్కిళ్లు ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదట. నాకు నవ్వొచ్చేది గానీ మా అమ్మ నవ్వనిచ్చేది కాదు. ఆమెకు ఒక్కడే అన్న. నేను పుట్టకముందే జ్వరమొచ్చి పోయాడు. రాఖీ పున్నమి రోజు ఊళ్లో ఆడపిల్లలంతా కొత్త బట్టలు కట్టుకుని తిరుగుతుంటే, అక్క ఏదో ఒక పని కల్పించుకుని చెలకకు పోయేది.

ఒక ఏడు తునికాకు డబ్బులు చేతికి వచ్చాక అక్క పోస్టాఫీసుకు పోయి మనియార్డరు కట్టింది. సినిమా పత్రిక వెనక అట్ట మీద ప్రకటన చూసిందట. డబ్బు పంపితే ఆ హీరో స్వయంగా సంతకం పెట్టిన ఫోటో ఇంటికే వస్తుందని అందులో ఉంది. ఊళ్లో అందరూ నవ్వారు. ఇక ఆ డబ్బు గోదాట్లో కలిసినట్టేనని వాళ్లమ్మ తలబాదుకుంది. కానీ కొన్నాళ్లకు ఫోటో నిజంగానే వచ్చింది.

అక్క చేతులు సబ్బుతో కడుక్కుని, ఫోటోను కొంగుతో పట్టుకుని మా అరుగు ఎక్కింది. "తాతా, నా పేరు గిట్ల ఏమన్న రాసిండా? జెర చూడు" అంది. మనియార్డరు కాగితం మీద తన పేరూ ఊరూ రాయించి పంపింది కాబట్టి, ఆ హీరో చదివే ఉంటాడని ఆమె నమ్మకం. నేను తాతయ్య భుజం మీదుగా తొంగి చూశాను. ఫోటో అడుగున నీలం సిరాతో నాలుగు మెలికలున్నాయి, కోడి గీరినట్టు. అప్పటికి నాకు ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చు. అందులో ఒక్క అక్షరమూ నాకు దొరకలేదు.

తాతయ్య చాలాసేపు చూశాడు. ఒకసారి అక్క ముఖం చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "రాసిండు బిడ్డా. చెల్లెకు ప్రేమతోటి, అని రాసిండు" అన్నాడు.

అక్క అరుగు మీద అట్లాగే కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి మళ్లీ చదవమంది. తాతయ్య మళ్లీ అదే మాట చదివాడు. ఆమె వెళ్లిపోయాక, అందులో అట్లా లేదు కదా అని అడిగాను. "నోరు మంచిదైతె ఊరు మంచిదంటరు. ఒక్క మాటకు ఆ పిల్ల మొఖం ఎట్ల ఎలిగిందో చూసినవా?" అన్నాడు. చూశాను. నా కళ్లు కూడా చెమ్మగిల్లాయి. మా తాతయ్య అంత మంచివాడు ఇంకొకడు ఉండడనుకున్నాను. నేను నేర్చుకున్న పాఠం అంతవరకే అయి ఉంటే ఎంత బాగుండేది.

ఆ మాట అక్కడితో ఆగలేదు. రాఖీ పున్నమికి అక్క ఆ చిరునామాకే రాఖీ పంపింది, వెంట ఇంకో మనియార్డరు కూడా కట్టింది. మరో ఫోటో వచ్చింది. మిరప కోతలయ్యాక మళ్లీ కట్టింది, మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ తాతయ్య "చెల్లెకు" అని చదివాడు. చదవక ఏం చేస్తాడు, అడుసులో కాలు పెట్టాక. అక్క మాత్రం మారిపోయింది. మా అన్న, మా అన్న అని ఒకటే ముచ్చట. పనిలో ఎవరేమన్నా పట్టించుకునేది కాదు.

ఒకసారి కల్లూరు నుంచి వాళ్ల చుట్టాలావిడ వచ్చింది. ఆ ఫోటోలన్నీ వరసగా పరిచి చూసి, ఒక సంతకానికీ ఇంకో సంతకానికీ పోలికే లేదంది. ఎవడో గుమాస్తా కూచుని రోజంతా గీకుతుంటాడని, పిచ్చిదానివి కాబట్టి నమ్ముతున్నావని ఎగతాళి చేసింది. అక్క ఫోటోలన్నీ ఏరుకుని మా అరుగు మీదికి వచ్చింది. "నిజం చెప్పు తాతా, గివి ఆయన పెట్టిన దస్కత్‌లేనా?" అని అడిగింది. నేను తాతయ్య వైపు చూశాను. చెప్పేస్తాడనుకున్నాను. "బ్యాంకుల నా దస్కతే రెండుసార్లు ఒక్కతీరుగ రాదు బిడ్డా. మనిషి చెయ్యి గదా" అన్నాడు ఆయన. అక్క తేలిక పడి ఇంటికి పోయింది. తాతయ్య ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మరుసటి ఏడు రాఖీ పండుగ ముందు రోజు పొద్దున్నే వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఒక్కతే పట్నం పోతోందని, ఎవరు చెప్పినా వినడం లేదని ఏడ్చింది. తాతయ్య చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బయలుదేరాడు. నేను వెంట పరుగెత్తాను. రోడ్డు మీద బస్సు ఆగే చోట అక్క నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. సంచిలో రాఖీ, అన్న కోసం అడవి తేనె సీసా.

ఎక్కడికని వెతుక్కుంటావని తాతయ్య అడిగాడు. ఆమె కవరు తీసి చూపించింది. దాని మీద ఒక పోస్టు బాక్సు నంబరు తప్ప ఇంటి గుర్తేమీ లేదు. "పోస్టాఫీసుల అడిగితె ఇల్లు సూపెట్టరా తాతా? మన పోస్టాయనకు అందరి ఇండ్లు ఎరుకే గద. అన్న గుర్తువడ్తడు, చెల్లె అని రాసినోడు గుర్తువట్టడా?" అంది.

తాతయ్య అక్కడే ఉన్న రాయి మీద కూర్చుండిపోయాడు. "దాంట్ల నీ పేరు లేదు బిడ్డా. చెల్లె అని గూడ లేదు. ఆ గీతలు ఆయన గీసిండో, ఇంకెవ్వలు గీసిన్రో నాకు తెల్వదు. చెల్లె అన్న మాట నేను కల్పించి చెప్పిన."

అక్క తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "అంటె నన్ను చెల్లె అన్నోడు ఎవ్వడు లేడన్నట్టేనా?"

తాతయ్య తల ఎత్తలేదు. బస్సు వచ్చింది. కండక్టరు జల్దీ ఎక్కమని కేకేశాడు. అక్క తల అడ్డంగా ఊపింది. బస్సు పోయింది. ఆమె ముందు నడిచింది, మేమిద్దరం వెనక నడిచాం.

ఆ తర్వాత కూడా అక్క మా ఇంటికి వచ్చింది. నాకు జడ వేసింది, తాతయ్యను బాగున్నావా అని పలకరించింది. కానీ కాగితం మాత్రం తేలేదు. వాళ్లమ్మకు జబ్బు చేసినప్పుడు మందుల అట్టలు చేత పట్టుకుని, మా అరుగు ముందు నుంచే, జూలూరుపాడు మందుల షాపుదాకా పోయి అడిగి వచ్చేది. తాతయ్య చూసి చూసి ఒకనాడు ఉండబట్టలేక, ఇటు తే బిడ్డా, చూస్తానన్నాడు. "ఎందుకు తాతా, నీకు కండ్లు గుంజుతయి" అంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు తాతయ్య బాగా కుంగిపోయాడు. చాలా వారాలు మందిరంలో వాక్యం చదవడానికి లేవలేదు. తర్వాత అక్క పెళ్లయి భద్రాచలం అవతలి పల్లెకు వెళ్లిపోయింది. తాతయ్య బతికి ఉండగా మళ్లీ ఆయనతో ఏదీ చదివించుకోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. ఒక దవాఖానాలో రక్త పరీక్షలు చేసే పని నాది. జనం రిపోర్టు తీసుకుని, దాన్ని చూడరు, నా ముఖం చూస్తారు. మంచిగనే ఉందా మేడం అని అడుగుతారు. అవ్, మంచిగుంది అనడం ఎంత సులువో నాకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, ఉన్నది చెప్పి, డాక్టరు గదిదాకా వాళ్ల వెంట నడుస్తాను.

తాతయ్య పోయే ముందు నాతో ఒక మాట అన్నాడు. ఆ పొద్దు బస్సు కాడ, నువ్వు నా బిడ్డవే, నీకు నేను లేనా అని అక్కతో చెప్దామనుకున్నాడట. అది నిజమేనట. ఆయన జీవితంలో అంత నిజమైన మాట ఇంకొకటి లేదట. "చెప్తె నమ్మదు గద బిడ్డా, అందుకే ఊకున్న" అన్నాడు.