ఉప్పు వేసే వేళ

జమ్మికుంటలో చంద్రవ్వ సబ్బు తెలియనివాళ్లు లేరు, చంద్రవ్వ తెలిసినవాళ్లే తక్కువ. పత్తి మార్కెట్ వెనక ఒక రేకుల షెడ్డు, అందులో పెద్ద ఇనుప కడాయి, దాని పక్కన ఆమె. చాకలివాళ్లు వచ్చి సబ్బు తీసుకుని వెళ్లిపోయేవారు. ఆమె పలకరించదని వాళ్లు, వాళ్లు పలకరించరని ఆమె. నేను హైస్కూల్లో సైన్సు చెప్పడానికి అరవై రెండులో ఆ ఊరికి బదిలీ మీద వచ్చాను. సబ్బు కోసం వెళ్లి, అక్కడే నిలబడి మాట్లాడాను. మాట్లాడటం నా జబ్బు. దానివల్లే ఆమె కథ నాకు తెలిసింది.

చంద్రవ్వది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. ఆమె భర్త బుచ్చిరాములుదీ అంతే. నూలు దొరకని రోజుల్లో బుచ్చిరాములు హైదరాబాదు వెళ్లి, ఒక ఉస్తాద్ దగ్గర సబ్బు కాయడం నేర్చుకున్నాడు. జమ్మికుంటలో పత్తిగింజల నూనెకు కొదవ లేదు, ఇప్పనూనె ఖానాపూర్ దిక్కు నుంచి బండ్ల మీద వచ్చేది. అందుకని ఇక్కడే కడాయి పెట్టాడు.

నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు పోసి మరిగిస్తే సబ్బు పుడుతుంది. కాని అది నీళ్లతో కలిసిపోయి జిగటగా ఉంటుంది. దొడ్డుప్పు వేస్తే పాలు విరిగినట్టు విరిగి, సబ్బు పైకి తేలుతుంది, నీళ్లు అడుగుకు దిగుతాయి. ఆ ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, ఎంత వెయ్యాలి అన్నదే అసలు విద్య.

ఉప్పు వేసే వేళ కడాయి దగ్గర ఎవరూ నోరు విప్పకూడదని ఉస్తాద్ పెట్టిన నియమం. బుచ్చిరాములు దాన్ని మొక్కులా పాటించాడు. ఆయన తెడ్డు పట్టుకుని అటువైపు, ఆమె ఉప్పు గంప పెట్టుకుని ఇటువైపు. ఆయన వేలు లేపితే ఆమె ఒక గుప్పెడు చల్లేది, దించితే ఆపేది.

"కసురుకునేవాడా?" అని అడిగాను.

"అయ్యో, కడాయి దించినంక ఆయనంత ముచ్చట్లు పెట్టెటోడు లేకుండె సారూ. గా జర సేపే నోరు మూసుకుంటుండె."

పిల్లలు లేరు. ఆ ముచ్చట్లే ఆమెకు సంసారం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వానాకాలం బుచ్చిరాములు జ్వరంతో పోయాడు. వేలు ఎందుకు లేపుతాడో ఆమెకు ఒక్కనాడూ చెప్పలేదు. కడాయి దగ్గర మాట్లాడకూడదు, కడాయి దించాక దాని మాటే గుర్తుండదు. ఆ ఉస్తాద్ ఎవరో నాకు తెలియదు గానీ, ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

కర్మలు అయ్యాక మరిది లింగమూర్తి సిరిసిల్ల నుంచి బండి కట్టుకుని వచ్చాడు. మంచివాడు.

"ఒక్కదానివి గీడ ఏం జేస్తవ్ వదినె? కడాయి అమ్ముదాం. మా ఇంట్ల నూలు కండెలు చుట్టుకుంట మా నడుమ ఉండు."

ఆమెకు సబ్బు మీద మమకారం ఏమీ లేదు. కాని కడాయి పోతే, ఆయన నిలబడిన చోటు అంటూ ఇక ఎక్కడా మిగలదు. అందుకే అంది: "ఒక్కపారి కాసి చూస్త. సబ్బు ఇరిగితె గీడనే ఉంట. ఇరగకుంటె నీ బండెక్కుత."

మర్నాడు కడాయి ఎక్కించింది. మధ్యాహ్నానికి సబ్బు చిక్కబడి తెడ్డు బరువెక్కింది. లింగమూర్తి వంగి చూశాడు.

"జర నీళ్లు పొయ్యి వదినె. గంజి గట్టిపడితె గదే జేస్తం గద?"

మగ్గాల ఇంట పుట్టినవాళ్లకు ఇంకేం తోస్తుంది? నూలుకు పెట్టే గంజి చిక్కబడితే నీళ్లే మందు. ఆమె పోసింది. సబ్బు ఇంకా గట్టిపడింది. మళ్లీ పోసింది. తెడ్డు నిటారుగా నిలబడిపోయింది. లింగమూర్తి ఇంకేదో చెప్పబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సప్పుడు జెయ్యకు లింగమూర్తీ. ఉప్పేసే యాళ్ల."

అతను నోరు మూశాడు. అప్పుడు వినపడింది కడాయి. అడుగు నుంచి ఒక్కో బుడగ బరువుగా, ఆయాసపడుతూ పైకి వచ్చి పగులుతోంది.

"గా సప్పుడు నాకెరికె సారూ. కండ్లేమో ఆయన ఏలు దిక్కు, చెవులేమో కడాయి దిక్కు. గా సప్పుడు రాంగనే ఆయన ఏలు లేస్తుండె."

గుప్పెడు ఉప్పు చల్లింది. మరో గుప్పెడు. తెడ్డు కదిలింది. చల్లుతూ పోతే బుడగల చప్పుడు తేలికైంది, అక్కడ ఆపింది. కాసేపటికి సబ్బు పలుకులు పలుకులుగా విరిగి పైకి తేలింది.

"ఇరిగింది వదినె!" అని లింగమూర్తి సంబరపడ్డాడు. తర్వాత ఎడ్లకు నీళ్లు పెట్టి, ఖాళీ బండి తోలుకుని వెళ్లిపోయాడు.

"బండి మలుపు తిరిగినంక ఏడ్చిన సారూ. ఉంటనన్న గని, ఒక్కదాన్నే ఉండాలె గద అని అప్పుడు సోయికొచ్చింది."

నీళ్లు పోస్తే సబ్బు ఎందుకు గట్టిపడిందో, నా పుస్తకాల్లో ఉన్నది ఆమెకు చెప్పాను. సబ్బు కణానికి తోక నూనె వైపు, తల నీళ్ల వైపు. తలలన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం, అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చిక్కటి సబ్బులో అవి పొరలు పొరలుగా వరుస కడితే, పొర మీద పొర జారి తెడ్డు తిరుగుతుంది. నీళ్లు పోస్తే తలలు ఇంకా దూరమై, పొరలు కడ్డీలుగా మారి పక్కపక్కనే బిగుసుకుపోతాయి. ఆ స్థితి ద్రవమూ కాదు, ఘనమూ కాదు. ద్రవ స్ఫటికం అంటారు. ఉప్పులోని వ్యతిరేక ఆవేశపు కణాలు తలల మధ్యకు చేరితే ఆ నెట్టుడు తగ్గుతుంది. తలలు దగ్గరవుతాయి, నీళ్లు బయటికి పోతాయి.

ఆమె శ్రద్ధగా విన్నది.

"ఒక్క తీరువి ఒకదాన్నొకటి నూకుకుంటయా?"

"అవును."

"నడుమ ఉప్పు లేకుంటె?"

"దూరందూరంగానే ఉంటాయి."

ఆమె తల ఊపి, సబ్బు కోస్తూ కూర్చుంది.

తర్వాత ఒకసారి ఉప్పు వేసే వేళకు వెళ్లాను. నోరు మూసుకుని గుమ్మంలోనే నిలబడ్డాను, నాకు అది ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. ఆమె తెడ్డు వదిలి ఇటువైపు వచ్చింది. కుడిచేతిలో ఉప్పు. అటువైపు, ఎవరూ లేని చోటికేసి చూసింది. చెవి కడాయి మీదే ఉంది. కాసేపాగి, ఎడమచేతి వేలు తనే మెల్లగా లేపింది. అప్పుడు చల్లింది.

సబ్బు విరిగాక అడిగాను. "వేలు ఎందుకవ్వా? చప్పుడు నీకు తెలుస్తది కదా?"

"తెలుస్తది. గని నేను ఉప్పేసేదాన్నే సారూ, ఏలు లేపెటోడు ఆయన. గిప్పుడు ఆయన పని గూడ నేనే జేస్తున్న." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆయన పనులల్ల ముచ్చట్లు పెట్టుడొక్కటే నాకు జెయ్యరాదు."