ఏడుంపావు

ఢిల్లీ మునిర్కాలో మీనా దీదీ దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్న ఛాయాదేవికి టేపు మీది అంగుళాలంటే భయం లేదు, వాటి మధ్య సన్నగీతలంటేనే భయం. బడిలో భిన్నాల లెక్క వస్తే తల దించుకునేది. ఇప్పుడూ ముప్పావు వచ్చిందంటే గోటితో గీతలు లెక్కపెట్టేది. తప్పుతుందేమోనని గుడ్డ కాస్త ఎక్కువే వదిలేసేది. అందుకే ఆమె కుట్టిన జాకెట్ల చేతులన్నీ పొడుగ్గానే ఉండేవి.

ఆవేళ పక్కింటి శ్రీవల్లి పట్టుగుడ్డ తెచ్చింది. "జాగ్రత్త ఆంటీ, ఇలాంటి ముక్క మళ్ళీ దొరకదు" అంది. చేతి పొడవు ఆరుముప్పావు, కుట్టుకి అర. ఛాయాదేవి గోరు టేపు దాకా వెళ్ళి ఆగింది. మనసులోనే అరలోంచి పావు తీసి ముప్పావుకిస్తే ఏడు నిండింది, ఇంకో పావు మిగిలింది.

"సవా సాత్, దీదీ" అంది, ఏడుంపావుని హిందీలో.

"ఠీక్ హై, కాటో" అంది మీనా, కొలిచి చూడకుండానే కత్తెర అందిస్తూ.

మర్నాడు శ్రీవల్లి జాకెట్టు తొడుక్కొచ్చి చేతులు చాచింది; పొడవు సరిగ్గా కుదిరింది. ఛాయాదేవి ఆ కుట్టు నిమిరి చూసి, చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.