పోత ఇనుము చెప్పి విరగదు

మా ల్యాబ్ సారు పోయారు. పొద్దున్నే వాళ్ల ఇంటావిడ ఫోన్ చేసి, "అక్కా, సారు లేరు. వస్తావా?" అంది, గ్యాసు బండ వచ్చిందని చెప్పినట్టు. సారు పోయారన్న దుఃఖం కంటే ముందు, తడి లేని ఆ గొంతు విని నాకు భయమేసింది.

తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఊడ్చేదాన్ని. సారు అక్కడ ఇనుప కమ్మిని రెండు కొసలా మిషన్లో బిగించి, తెగేదాకా లాగి పిల్లలకు చూపించేవారు. పనిలో చేరిన కొత్తలో ఒకసారి ఠప్పుమని శబ్దమైంది. చీపురు పడేసి పరుగెత్తాను.

"అయ్యో సారూ, బాగుండే కమ్మిని ఇరగ్గొట్టేసినారే! పెద్దసారు తిడతాడేమో!"

"ఇరగ్గొట్టేదానికేనక్కా నాకు జీతమిచ్చేది" అని నవ్వారు.

ఆ రోజు విరిగింది పోత ఇనుము. సారు రెండు ముక్కలూ కలిపి పట్టుకుంటే ముందున్నంత పొడవే ఉంది. తర్వాత మెత్త ఇనుము బిగించారు. అది సాగింది, ఇంకా సాగింది, మధ్యలో నడుము సన్నబడింది, అప్పుడు తెగింది. ముక్కలు కలిపితే మొదటికంటే పొడుగు.

"సాగేది చెప్పి తెగుతాదక్కా. పెళుసుది చెప్పదు" అనేవారు. సుద్దపొడి అంటిన చేతుల్తోనే టీ తాగేవారు, కడుక్కోమంటే వినేవారు కాదు.

మీరు నవ్వుతారేమో, నాకు అన్నిటికీ దిగులే. కొండకు బస్సెక్కిన కూతురు చేరిందో లేదో, వానకు గోడ నిలుస్తుందో లేదో. అవన్నీ సారుకు చెప్పి ఏడ్చేదాన్ని. "నువ్వు సాగే రకంలేక్కా. ఏడ్సుకో, ఏం గాదు" అనేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఆ పొద్దున నేను వెళ్లేసరికి సారు ఇంటావిడ, నేను అమ్మా అని పిలిచే ఆమె, వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తోంది. కన్ను తడవలేదు. ఎంత గట్టి మనిషో అని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆమెను వదిలి ఇంటికి పోలేకపోయాను. కర్మ అయింది, చుట్టాలు వెళ్లిపోయారు, అమ్మ అట్లాగే ఉంది. పడుకుంటే నిద్ర రాదు నాకు, ఆమె ఊపిరి వింటూ ఉంటాను.

నిన్న ఆ అలసటలోనే పోపు మాడబెట్టాను. అమ్మ గయ్యిమంది.

"కండ్లు యాడ పెట్టుకున్నావక్కా? మాడిన పోపు ఆయన తింటాడా? ముద్ద నోట్లో పెట్టకుండా లేస్తాడే..."

మాట అక్కడ ఆగింది. నా కొంగు పట్టుకుని కింద కూలబడింది. ఏడుపు మొదలైంది, ఎంతసేపటికీ ఆగలేదు. స్టవ్ ఆపుదామని చెయ్యి చాపాను, అందలేదు. కొంగు ఆమె పిడికిట్లో ఉంది. మాడితే మాడనీ అని, ఆ పొగలోనే వంగి నిలబడ్డాను.