అత్తమ్మ జారుముడి

కామారెడ్డి దవాఖానా నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను కొట్టంలో బర్రెను కట్టేస్తున్నాను. "వదినె, అమ్మ పోయింది" అని ఒక్క మాట చెప్పి ఏడ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి, వారం నుంచి అన్నం ముట్టడం లేదు. రాబోయే కబురని తెలుసు. అయినా గుంజ పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే బర్రె మెడతాడు, ఆ తలుగు, గుంజకు కట్టే ఉంది. ఎప్పుడు కట్టానో తెలియదు. నా చేతులు వాటంతట అవే జారుముడి వేసి, కొస కిందికి వదిలిపెట్టాయి. ఆ ముడి నేర్పింది మా అత్తమ్మే. నేను నేర్చుకున్నది మాత్రం ఆలస్యంగా, ఒక తప్పు చేశాక. ఆ తప్పు గురించి మీకు చెప్పాలి.

మాది ఎల్లారెడ్డికి వెళ్ళే దారిలో వాగు పక్క ఊరు. అత్తమ్మ పుట్టింది బీర్కూర్ దిక్కు, మంజీర ఒడ్డున. నిజాంసాగర్ గేట్లు ఎత్తారంటే వాళ్ళు పొయ్యి మీది కుండ కూడా దించకుండా ముందు పశువులను విప్పేవాళ్ళట. ఆమె చిన్నప్పుడు ఒకసారి విప్పడం ఆలస్యమైంది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఎడ్లు రెండూ గుంజల దగ్గరే చచ్చి ఉన్నాయట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది కాదు గానీ చేతిలో పని ఆగిపోయేది.

అందుకే మిరుగం కార్తె వచ్చి వానలు మొదలయ్యాయంటే మా ఇంట్లో ఆమెదే రాజ్యం. పట్టా పాస్‌బుక్కు, ఆధార్ కార్డులు, అగ్గిపెట్టె, తన షుగరు గోళీలు అన్నీ ఒక యూరియా సంచిలో చుట్టి దూలానికి వేలాడదీసేది. మబ్బు పట్టగానే "ఫోన్లల్ల చార్జింగు నింపుకోండ్రి, కరెంటు నన్నడిగి పోతదా?" అని వెంటపడేది. వాడలో వాళ్ళు వరదలమ్మ అని ఆటపట్టిస్తే "ఇప్పుడు నవ్వుతరు, నీళ్ళొస్తే నా ఎనకనే ఉరుకుతరు" అని తనూ నవ్వేది.

అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ముడి దగ్గర. వానాకాలమంతా తలుగు జారుముడితోనే కట్టాలి. కొస లాగితే ఊడిపోవాలి. ఆ కొస కూడా కిందికి వేలాడాలి. "ఇంట్ల అందరికన్న పొట్టోళ్ళ చేతికి అందాలె బిడ్డా. ఆపతిల ఎవలు దగ్గరుంటరో ఎవలకెరుక?" అనేది. నేను ఆ తప్పు చేసిన ఏడు మా ఇంట్లో పొట్టిది మా పాప, అయిదో తరగతి. మా ఆయన దుబాయి వెళ్ళి ఏడాది కూడా కాలేదు. ఇద్దరు ఆడవాళ్ళం, ఒక పిల్ల, రెండు బర్రెలు. పెద్ద బర్రె పని నాది, చిన్న బర్రె పని ఆమెది. ఆ పాల మీదే ఇల్లు గడిచేది.

జారుముడితో చిక్కేమిటంటే, బర్రెకూ తెలివి ఉంటుంది. మా పెద్ద బర్రె కొసను నోటితో లాక్కుని, ముడి విప్పుకుని పక్కింటి అన్న మక్కచేన్లో పడింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఆయన మా వాకిట్లో నిలబడి "మీ అత్తకు చాతకాకుంటే నువ్వన్న సక్కగ కట్టవా?" అని వాడంతా వినేలా అరిచాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆ రోజు అత్తమ్మ చూడకుండా పెద్ద బర్రెకు పీటముడి వేశాను, దాని మీద ఇంకో ముడి. నిజం చెప్పాలంటే కొంత ఆమె మీది కోపంతోనే వేశాను.

తర్వాత రెండు రోజులు ఎడతెగని వాన. మూడో రోజు పొద్దున పాలు పిండడం అయ్యాక వాగు వాడలోకి వచ్చింది. అత్తమ్మ యూరియా సంచిని పాప భుజానికి తగిలించి, పక్కింటివాళ్ళ వెంట మిట్ట మీది బడికి పంపింది. కొట్టంలోకి వచ్చి చిన్న బర్రె కొసను ఒక్కసారి లాగింది. అది మిట్టకు దౌడు తీసింది. నేను పెద్ద బర్రె దగ్గర ఉన్నాను. నానిన తాడు బిగిసి రాయిలా అయింది. గోళ్ళు విరిగాయి. పళ్ళతో లాగాను. కొడవలి ఇంట్లో ఉంది, ఇంటికీ కొట్టానికీ మధ్య నీళ్ళు ఉరుకుతున్నాయి. చూస్తుండగానే నడుము దాకా వచ్చాయి. బర్రె నన్నే చూస్తోంది.

అత్తమ్మ నా జబ్బ పట్టుకుంది. ముడిని చూసింది. "ఇడిశిపెట్టు. బర్రె పోతే పోతది, నువ్వు నడువు" అంది. నేను వదల్లేదు. అప్పుడు నా చెంప మీద కొట్టింది, నా కాపురంలో ఆ ఒక్కసారే. "బడి కాడ నీ బిడ్డ ఎదురుచూస్తున్నది. నడువు!" అని కొంగు పట్టి ఈడ్చుకుపోయింది. ఆ బర్రెను దుడ్డెగా ఉన్నప్పటి నుంచి పెంచింది ఆమె. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం బడి వరండాలో ఉండగా, ముడి ఊడక పెద్ద బర్రె కట్టు మీదే పోయిందని విని మా ఆయన వీడియో కాల్ చేశాడు. చుట్టూ వాడ వాళ్ళంతా ఉన్నారు, మక్కచేను అన్న కూడా. "అమ్మా, గట్లెట్ల బిగిసిందే? ఎవలు కట్టిండ్రు?" అని అడిగాడు. అత్తమ్మ ఫోనుకేసి చూస్తూ "నేనే కట్టిన కొడుకా. ముసల్దాన్నైతి, యాది తప్పి పీటముడి ఏసిన" అంది. నా వైపు చూడలేదు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తబోతే "బర్రెకు గడ్డేసినవా?" అని పనిలో పెట్టేది.

నీళ్ళు తీశాక ఇల్లిల్లూ తిరిగి "నా లెక్క చెయ్యకుండ్రి" అని చెబుతూ జారుముడి వేసి చూపించింది. తనది కాని తప్పును ముందు పెట్టుకుని అందరికీ నేర్పింది. మక్కచేను అన్న కూడా నేర్చుకున్నాడు. పోయిన వానాకాలం వాగు మళ్ళీ వాడలోకి వచ్చింది. ఈసారి ఒక్క పశువు కూడా కట్టు మీద చావలేదు.

ఆ పీటముడి వేసింది నేను. మా ఆయనకూ, పక్కింటి అన్నకూ, వాడకంతటికీ ఇప్పుడే చెబుతున్నాను. ఆమె ఉండగా చెబితే ఆమె మాట అబద్ధమవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి ధైర్యం లేకపోవడమే. ఆమె కాళ్ళు పట్టుకుని ఒక్కసారి చెప్పుకుని ఉంటే బాగుండేది.

మా పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, నాకంటే పొడుగు. ఈ ఏళ్ళలో అత్తమ్మ నడుము వంగిపోయింది, చెయ్యి పైకి లేవడం మానేసింది. మా ఇంట్లో పొట్టి మనిషి ఆమే అయింది. అందుకని ఏటా మిరుగానికి కొత్త తలుగు కట్టినప్పుడు కొసను ఇంకొంచెం కిందికి వదిలేదాన్ని. ఆమె కర్ర పట్టుకుని వచ్చి, కొస అందుతుందో లేదో పట్టి చూసేది. అందితే వెళ్ళిపోయేది.

దినాలయ్యాక మా ఆడబిడ్డ కొట్టంలోకి వచ్చింది. "గీ కొస ఏంది వదినె, నేలకు తాకేటట్టున్నది? కోసెయ్యరాదు?" అంది.

నేను కొయ్యలేదు. బయట వాన మొదలైంది. గుంజకు ఆ కొస మోకాలెత్తున, ఆమె చేతికి అందేంత కిందికి వేలాడుతోంది.