అందరి సాక్ష్యాలూ ఒకరి ఖాతాలో

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. తెలియనిది ఎదురైతే అనవసరమైనదని తీసిపారేసేవాణ్ణి. డిగ్రీ అయిపోయి, కోట ఊళ్లో మా మామ రొయ్యల గుంటల్లో మేత చల్లే యోగం తప్పించుకోవడానికి మా చర్చి కొత్తగా పెడుతున్న లైబ్రరీలో చేరాను. "ఆదివారం ప్రారంభం. ఆ పొద్దుకి పుస్తకాలన్నీ కంప్యూటర్లో కనపడాల. కనపడితే ఉంటావు, లేకుంటే మీ మామ ఉండనే ఉన్నాడు" అన్నారు పాస్టరుగారు.

జాబితా అంతా టైపు చేసి సాఫ్ట్‌వేరులోకి ఇంపోర్ట్ చెయ్యబోతే అది ప్రశ్నలు మొదలుపెట్టింది (పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలు నయం). రెండు పుస్తకాలు ఒకటేనని దేన్నిబట్టి పోల్చుకోవాలి? పేరా, రచయితా, రెండూనా? పేరొక్కటి చాల్లెమ్మని టిక్కు పెట్టాను. ఒకటే అయితే ఏం చెయ్యాలి? మొదటిదాని కింద కాపీలుగా చేర్చమన్నాను. దొంతరలకొద్దీ ఉన్న పాటల పుస్తకాలు ఒక్క వరుసలో ఒదిగిపోయాయి. ఇంకేం, కాలు మీద కాలేసుకున్నాను. మరిచిందల్లా మావాళ్ల అలవాటు. మా వైపు పాస్టర్లూ పెద్దలూ తాము మారుమనస్సు పొందిన కథను చిన్న పుస్తకంగా అచ్చేయించి పంచుతారు. పేరు మాత్రం అందరిదీ 'నా సాక్ష్యం'. జాబితాలో మొదటిది మా సంఘపెద్దగారిది (దొంతరలో పైన పెట్టిపోయిందీ ఆయనే).

ఆదివారం చుట్టుపక్కల పాస్టర్లంతా వచ్చారు. ప్రార్థన కాగానే మా పాస్టరుగారు తన పుస్తకం చూపించమన్నారు. తెర మీద 'నా సాక్ష్యం', రచయిత సంఘపెద్దగారు, కాపీలు బోలెడు.

"ఏందబ్బయ్యా ఇది? నా పుస్తకం ఈయనెప్పుడు రాసినాడు?"

"నాది కూడా ఆయనే రాసినాడే!" అన్నారు వెనకనుంచి ఇంకో పాస్టరుగారు.

వెలిగిపోతున్నది సంఘపెద్దగారొక్కరే. "నేను పంచినవాటికన్నా ఎక్కువున్నాయే! స్తోత్రం!"

నా కళ్ల ముందు మేత బస్తాలు కదిలాయి. "కంప్యూటరు అన్నీ ఒకటే పుస్తకమనుకుందండీ" అని గొణిగాను.

టీ అందిస్తున్న పాస్టరమ్మగారు ఆగారు. "అనుకోదా మరి? తాగినాడు, పేకాడినాడు, జబ్బుపడినాడు, మారినాడు. అందరివీ ప్రూఫులు దిద్దింది నేనే గదా, పేర్లు తప్పితే తేడా ఏముంది?"

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత, తప్పక, పాస్టర్లూ నవ్వారు. మా పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ, "సరే, సోమవారం వచ్చి ఎవరి పాపాలు వాళ్లకి విడదీయి" అన్నారు. ఆ 'వచ్చి' అన్న మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు నెల్లూరులో ఒక కాలేజీ లైబ్రరీ చూసుకుంటున్నాను. దేన్నిబట్టి పోల్చుకోవాలన్న ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ వేలు ఆగుతుంది, నవ్వొస్తుంది. అంత ధీమాగా టిక్కు పెట్టిన ఆ కుర్రాణ్ణి ఇప్పటి నాతో ఎలా పోల్చి చూసినా కుదరడం లేదు. పేరొక్కటే కలుస్తోంది.