పట్టిక గీయని అమ్మాయి

ఐటీ కంపెనీలు ఊరంతా అల్లుకుంటున్న రోజుల్లో నేను మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. ఆ ఏడు ప్రీఫైనల్ పరీక్షలో ‘ప్రజాస్వామ్యానికీ సామ్యవాదానికీ భేదాలు రాయండి’ అన్న ప్రశ్న వచ్చింది. గైడులో రెండు గళ్ల పట్టిక ఉంది. క్లాసంతా దాన్నే దించేసింది, ఒక్క అమ్మాయి తప్ప.

ఆ అమ్మాయి తండ్రి ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. అది మూతపడ్డాక బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఆమె ఇలా రాసింది: ‘ఈ రెండింటికీ పోటీ పెట్టడం సరికాదు. నిర్ణయం ఎవరు చేయాలన్నది ఒకటి, ఆస్తి ఎవరిదన్నది ఇంకొకటి. మా నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ ప్రజల ఆస్తే అని అందరూ అనేవారు. మూసేటప్పుడు మాత్రం పనిచేసేవాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు నాన్నకు ఓటుంది. కానీ కాపలా కాసే ఆఫీసులో ఆయన్ని లిఫ్టు కూడా ఎక్కనివ్వరు. అక్కడ ఆస్తీ ఆయనది కాదు, మాటా ఆయనది కాదు. రెండూ ఉన్న చోటు నేనింకా చూడలేదు.’

పూర్తి మార్కులు వేశాను. పదో తరగతి పేపర్లన్నీ స్కూలు నడిపే కరస్పాండెంటు మళ్లీ చూసేవాడు. మర్నాడు నన్ను పిలిచాడు. నా మార్కులు కొట్టేసి సున్నా చుట్టాడు.

“గైడ్ల గిట్ల లేదు కదా మేడం. బోర్డు పరీక్షల గిట్లనే రాస్తే మన రిజల్ట్ ఏమైతది?”

“ఇందులో తప్పేముందో చూపించండి సార్.”

“తప్పొప్పుల ముచ్చట కాదు. పిల్లలకు కంప్యూటర్ రావాలె, ఇంగ్లిష్ రావాలె. గీ పాలిటిక్స్ ఎవరికి గావాలె?”

నాకు ఒళ్లు మండిపోయింది. అంతటితో ఆగక ఆయన ఆ తండ్రినీ పిలిపించాడు. డ్యూటీ బట్టలతోనే వచ్చిన మనిషికి కుర్చీ కూడా చూపలేదు. ఆయన నిలబడే కూతురి జవాబు మొదటినుంచి చివరిదాకా చదివాడు.

“మార్కులు పోతే పోనియ్యుండ్రి సార్. నా బిడ్డ అబద్ధం రాసిందా, జెర గది చెప్పుండ్రి.”

కరస్పాండెంటు ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ తండ్రి పేపరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే కరస్పాండెంటుకు ఒక ఉత్తరం రాశాను. పిల్ల మార్కులు తిరిగి ఇవ్వాలని, తండ్రిని అవమానించడం తప్పని. స్టాఫ్‌రూంలో అందరి ముందూ చదివాను.

“నిజమే మేడం, బాగ రాసిండ్రు,” అంది లెక్కల టీచరు. మిగతావాళ్లూ తలూపారు.

“మరి సంతకం పెట్టండి.”

“నాకెందుకు మేడం ఈ పరేషాన్?”

మిగతావాళ్లు టీ తాగేసి క్లాసులకు లేచారు. నా ఒక్కదాని సంతకంతోనే ఉత్తరం ఇచ్చాను. మార్కులు తిరిగి రాలేదు. మరుసటేడు నాకు పదో తరగతి తీసేసి ఆరో తరగతి ఇచ్చారు. ఆ అమ్మాయి మాత్రం ఇంటర్‌లో పట్టుబట్టి సివిక్స్ తీసుకుందని తర్వాత తెలిసింది.

కరస్పాండెంటు మీద కోపం ఎప్పుడో చల్లారింది. నిజమేనని తలూపి, టీ తాగేసి క్లాసులకు వెళ్లిపోయినవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.